పెన్సిల్ రోజు కార్డు

తొమ్మిదింటికి తీసుకెళ్తామన్నారు, ఇప్పుడు ఎనిమిది దాటి నాలుగు నిమిషాలు, అంటే ఈ ఫోను నా చేతిలో ఇంకా యాభై ఆరు నిమిషాలు ఉంటుంది, తర్వాత దీన్ని ప్లాస్టిక్ సంచీలో వేసి, పైన నా నంబరు రాసి, అల్మారాలో పెట్టి తాళం వేస్తారట, నన్ను చక్రాల మంచం మీద తోసుకెళ్తారట, తల ఎడమ పక్కన తెరిచి మచ్చ ఉన్నంత మేర లోపలి ముక్క తీసేస్తారట. మూడు వారాల నుంచి చెయ్యని పని ఈ యాభై ఆరు నిమిషాల్లో చెయ్యాలి. ఫోనులో ఉన్న మూడు యాప్‌లలో ఒకటి ఎంచుకోవాలి. తల కోయించుకోబోయే మనిషి ఆలోచించాల్సింది దీని గురించా అని ఎవరైనా నవ్వుతారు, వేరే వాళ్ళ సంగతైతే నేనూ నవ్వేదాన్ని. కానీ పాదాలు చల్లబడిపోయి ఉన్నాయి, దుప్పటి కింద ఒకదానికొకటి రుద్దుకుంటున్నా వేడెక్కడం లేదు, ఎదురుగా ఆకుపచ్చ పరదా కింద మడత కుట్టు నాలుగు వేళ్ళ మేర ఊడి వేలాడుతోంది, దారం చివర ముడి వెయ్యకుండా వదిలేసిన పని అది, ఎవరు కుట్టారో గానీ చేతిలో సూది ఉంటే రెండు నిమిషాల్లో సరిచేసేదాన్ని. సూది లేదు. గాజులు, చెవులవి, జడపిన్నులు అన్నీ తీసేయించారు. వెనకవైపు నాడాలు కట్టుకునే గౌను ఒక్కటే ఉంది, దాని కొలత నాలాంటి ఇద్దరికి సరిపోతుంది.

పెద్ద డాక్టరు మంచివాడే, ఏదీ దాచలేదు. తీసేసే ముక్క పక్కనే పేర్లుండే చోటు ఉంటుందన్నాడు. వస్తువు కనిపిస్తుంది, అది దేనికి పనికొస్తుందో తెలుస్తుంది, పేరు మాత్రం నోటికి రాకపోవచ్చు, కొత్తగా విన్నది నిలవకపోవచ్చు, పాతవాటిలోనూ కొన్ని చెదిరిపోవచ్చు, అందరికీ కాదు కొందరికే, అన్నాడు. ఆ కొందరిలో నేనున్నానా అని అడిగితే, ముందుగా చెప్పలేమమ్మా అన్నాడు. ఇంకా నయం, ముందుగా తెలిస్తే ఎవరొస్తారు. ఆ తర్వాత మాటల టీచరమ్మ దగ్గరికి పంపారు, ఆవిడ పని ఆపరేషన్ తర్వాత మాటలు మళ్ళీ నేర్పడం, ముందే పరిచయం చేసుకోవాలని పిలిచింది. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. దువ్వెన, గొడుగు, నిచ్చెన, తాళంచెవి. చకచకా చెప్పుకుంటూ పోయాను, లోపల చంకలు గుద్దుకుంటూ. అప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి టోపీ బొమ్మ పెట్టింది. పదిహేనేళ్ళుగా రోజూ పెట్టుకుంటున్నది, పేరు రాలేదు. దానికి వేరే పేరుందా, మేం ఎప్పుడూ టోపీ అనే అంటామా, లేక నాకు ముందు తెలిసి ఇప్పుడు పోయిందా? ఆవిడ ఏదో రాసుకుంది. ఈ రోజుకీ ఎవరినీ అడగలేదు దాని పేరేమిటని.

కార్డులు రాసుకోమని సలహా ఇచ్చింది ఆవిడే. ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబు, అన్నీ ఫోనులోనే. గుర్తుంటే ఆ కార్డు కొన్నాళ్ళాగి వస్తుంది, మళ్ళీ గుర్తుంటే ఇంకా ఎక్కువ రోజులాగి వస్తుంది, మర్చిపోయామా రేపు పొద్దున్నే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మరుపు వచ్చే వేళకి ఒక్క అడుగు ముందు వచ్చి తట్టి లేపుతుంది అంతే అంది. ఇల్లు, ఇంట్లో మనుషులు, పని, మందులు, మీకు పోకూడదు అనిపించినవి మీ మాటల్లోనే రాసుకోండి, ఆపరేషన్ తర్వాత అవి మీకు మీరే చెప్పుకుంటున్నట్టు ఉంటాయి, యాప్ ఏదైనా ఫర్వాలేదు, ఒకటే పట్టుకుని ముందునుంచీ అలవాటు చేసుకోండి, అంది. ఒకటే పట్టుకోమంటే మూడు దింపుకున్నాను నేను. నేను కుట్టుపని చేసే మాస్టరు దుకాణంలో జిప్పు కొనడానికి వచ్చి ఇరవై రంగులు తిప్పించి రేపొస్తానని వెళ్ళిపోయే గిరాకీలను ఎంత తిట్టుకునేదాన్నో.

మొదటిది నీలం గుర్తుది. చూడ్డానికి పాత ఆఫీసు కాగితంలా ఉంటుంది, బొమ్మలూ పాటలూ ఏమీ లేవు, ఎన్ని కార్డులైనా రాసుకోవచ్చు, జవాబు చూశాక నాలుగు మీటలు చూపిస్తుంది, మర్చిపోయాను, కష్టం, పర్లేదు, సులువు. ఏది నొక్కాలో మన ఇష్టం. రెండోది తాబేలుది. గుర్తుంది అని నొక్కితే తాబేలు రెండు కాళ్ళ మీద లేచి చప్పట్లు కొడుతుంది, ఒకరోజు మానేస్తే డొప్పలోకి తల ముడుచుకుని అలుగుతుంది. కార్డులు యాభై దాకానే, రెండు రోజులు తిరక్కుండా నిండిపోయాయి, అదీకాక నలభై రెండేళ్ళ మనిషిని తాబేలు అలకకి లొంగదీస్తుందంటే నామోషీగా ఉంది. మూడోది రెండు ఫోన్లది. అందులో నేర్చుకునేవాళ్ళకి మీటలు ఉండవు. ఇంకొకరి ఫోనులో కార్డు వస్తుంది, వాళ్ళు ప్రశ్న పైకి చదువుతారు, మనం పైకి జవాబు చెప్పాలి, విని వాళ్ళే నిర్ణయిస్తారు, రేపు మళ్ళీనా, వారానికా, నెలకా. మా ఆయన దాన్ని తన ఫోనులో మూడు వారాల క్రితమే పెట్టుకున్నాడు, టీచరమ్మ చెప్పిన సాయంత్రమే. కోడ్ పంపవేం, కార్డులు పంపవేం అని రోజూ అడుగుతూనే ఉన్నాడు. ఇదిగో, అదిగో, ఇంకా రాస్తున్నాను అని నీళ్ళు నములుతూ వచ్చాను. కార్డులు నూట పన్నెండున్నాయి, అన్నీ నీలం దాంట్లోనే ఉన్నాయి, ఒక్క మీట నొక్కితే మొత్తం కట్ట మూడో దాంట్లోకి వెళ్ళిపోతుంది. అది తెలిసి కూడా పంపలేదు. ఎందుకు పంపలేదో నాకు తెలుసు. తెలుసు గనకే ఎనిమిదీ పన్నెండైనా పరదా కుట్టు గురించి ఆలోచిస్తున్నాను.

రాసుకోవడం నాకు కొత్త కాదు. మాది బట్టలు సరిచేసే దుకాణం, పొడవు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం, ప్రతి బట్టకీ పిన్నుతో ఒక చీటీ. మాస్టరు పెట్టిన నియమం ఒకటుంది, గిరాకీ చెప్పింది చీటీ మీద రాసి, కత్తెర పెట్టకముందే వాళ్ళకి తిరిగి చదివి వినిపించాలి, వాళ్ళు ఔనంటేనే కోత. మీ ప్యాంటు అంగుళమున్నర తగ్గించమన్నారు, ఔనా? ఔను. కోసిన గుడ్డ అతకదమ్మా అంటాడు ఆయన. ఆ నియమమే నన్ను ఇన్నేళ్ళు కాపాడింది. ఎందుకంటే నేను మాయమైపోతుంటాను. కిందపడి కొట్టుకోవడం లాంటిది కాదు, కూర్చున్న చోటే కూర్చుని ఉంటాను, కళ్ళు తెరిచే ఉంటాయి, పెదవులు చప్పరిస్తానట, వేళ్ళు ఒడిలో గుడ్డని తడుముతాయట, ఒక నిమిషం, రెండు నిమిషాలు, అంతే, తిరిగొచ్చేసరికి ఎదుటి మనిషి ఏదో అడిగి నా మొహంలోకి చూస్తూ ఉంటుంది. అప్పుడు ఏం చెయ్యాలో నాకు పదహారో ఏట నుంచీ బాగా వచ్చు. చిన్నగా నవ్వి సరే అనాలి. సరే అంటే మనుషులు సంతోషిస్తారు, మళ్ళీ అడగరు. ఎంతమందికి ఎన్నిటికి సరే అన్నానో లెక్కలేదు. ఒకసారి వదినగారి పాత బీరువా మా ఇంటికి తెచ్చుకోవడానికి సరే అన్నానట, అది తలుపు దూరలేదు, నెల రోజులు మెట్ల మీదే ఉంది. మా ఆయన దాన్ని చెప్పుకుని ఇప్పటికీ నవ్విస్తాడు.

నేను నవ్వింది మాత్రం కిందటేడు ఒక మధ్యాహ్నం దాకానే. అక్కడికి వెళ్ళొద్దు, యాప్ చూడు. ఎనిమిదీ ఇరవై. కడుపులో ఏదో కదిలింది. ఇది భయమా, అదా? నాకున్న పెద్ద చిక్కు ఇదే, మాయమయ్యే ముందు నాకు వచ్చే గుర్తు కూడా భయమే, పొత్తికడుపులోంచి వేడిగా లేచి గొంతు దాకా వస్తుంది, మాడిన దారం వాసన వేస్తుంది, ఇంతకుముందు ఇక్కడే ఇలాగే కూర్చున్నానని అనిపిస్తుంది. కాబట్టి నేను మామూలుగా భయపడ్డానా, జబ్బు భయపెట్టిందా అన్నది చివరిదాకా తెలీదు. వాసన రాలేదు. ఇది ఉత్త భయమే. ఉత్త భయానికి ఇంత సంతోషించే మనిషి ఈ ఆసుపత్రి మొత్తంలో ఇంకొకరు ఉండరు. రేపటి నుంచి ఇది కూడా ఉండదేమో, ముక్కతో పాటు పోతుందేమో, పోవాలనే కదా వచ్చింది, మరి పోతుంటే దానితో పాటు ఇంకేం పోతుంది? గుండీ పేరు పోతుందా? గుండీ అంటే మా అమ్మాయి, రెండేళ్ళప్పుడు దుకాణంలో నేలమీద దొరికిన చొక్కా గుండీ మింగేసి మూడు రోజులు మమ్మల్ని నిద్ర పోనివ్వలేదు, అప్పట్నుంచి ఆ పేరు. దాని అసలు పేరు మొదటి కార్డు మీద రాశాను. ఫొటో ఒక పక్క, పేరు ఒక పక్క. కన్నపిల్ల పేరు కార్డు మీద రాసుకుంటూ రెండుసార్లు తప్పు కొట్టాను.

కిందటేడు, బడి వదిలాక. చలికోటుకి జిప్పు మారుస్తున్నాను, పాత జిప్పు పళ్ళు ఊడదీసి కొత్తది పిన్నులు పెట్టి మిషను కింద సర్దాను. మాడిన దారం వాసన వచ్చింది. ఇస్త్రీపెట్టె వైపు చూశాననుకుంటాను, చూశానో లేదో. తర్వాత గుండీ నా ముందు నిలబడి ఉంది, భుజాన సంచీ, కనుబొమలు రెండూ పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, ఏదో అడిగేసి జవాబు కోసం ఎదురుచూస్తున్న మొహం. నేను తిరిగొచ్చేశాను అప్పటికి. ఇది నాకు నేను తప్పించుకోకుండా చెప్పుకోవాలి, జబ్బు వదిలిపోయింది, నా నోరు, నా బుద్ధి నాకు తిరిగొచ్చాయి, ఏమడిగావే అని ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. చిన్నగా నవ్వి సరేలే అన్నాను. గిరాకీకైతే చీటీ తిరిగి చదివి వినిపిస్తాను. పిల్ల కదా, పిల్లకి చీటీ ఏమిటి. అది గంతేసుకుంటూ వెళ్ళిపోయింది. నేను పిన్నులు లెక్కపెట్టుకుంటున్నాను. బయట బ్రేకు చప్పుడు, ఎవరో ఆడమనిషి కేక, మాస్టరు గజంబద్ద కింద పడేసి పరిగెత్తడం. రోడ్డు అవతల పుస్తకాల దుకాణంలో ఎర్ర పెన్సిలు కొనుక్కోవాలట. ఒక్కదాన్నే రోడ్డు దాటి వెళ్ళనా అని అడిగిందట.

మోచెయ్యి విరిగింది, ఎడమది. ఆరు వారాల కట్టు. ప్రాణానికేం లేదు, ఆ స్కూటరు మనిషి పుణ్యాన, పక్కకి కొట్టి తానే పడ్డాడు. కానీ ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేకపోతోంది, గౌన్లన్నిటికీ ఎడమ చేతి పొడవు అరంగుళం తగ్గించి కుడుతున్నాను, తగ్గించిన ప్రతిసారీ ఆ అరంగుళం గుడ్డని చెత్తబుట్టలో వెయ్యలేక డబ్బాలో దాస్తున్నాను. అదీ కాదు అసలు సంగతి. అసలు సంగతి ఆ సాయంత్రం వార్డులో జరిగింది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే పనిలోంచి ఆ నూనె చేతులతోనే పరిగెత్తుకొచ్చాడు. అడక్కుండా రోడ్డెందుకు దాటావే అన్నాడు గుండీతో. అమ్మనడిగాను నాన్నా, సరే అంది, అంది అది. ఆయన నా వైపు చూశాడు. మాత్రలతో నాకు పూర్తిగా నయమైందని నాలుగేళ్ళుగా ఇంట్లో అందరికీ చెబుతూ వచ్చాను, నయం కాలేదని తెలిస్తే కత్తెర ముట్టనివ్వరు, ఇస్త్రీపెట్టె ముట్టనివ్వరు, మాస్టరు మంచిమాటలు చెప్పి మాన్పించేస్తాడు. ఇదంతా ఒక్క రెప్పపాటులో లెక్కేసుకున్నాను. లెక్కేసుకుని, నన్నడగలేదండీ, అన్నాను. గుండీ నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడవలేదు. అడగలేదేమోలే, అంది.

ఆ తర్వాత రెండు నెలలకి జబ్బు సంగతి ఎలాగూ బయటపడింది, మాస్టరే చూశాడు, కుట్టు మిషను నడుస్తుండగా నేను లేను. తిట్టలేదు ఎవరూ. డాక్టర్లు, పరీక్షలు, మచ్చ, ఈ రోజు. అన్నీ చెప్పాను, ఎన్నిసార్లు ఎక్కడెక్కడ మాయమయ్యానో, బీరువాతో సహా. పెన్సిలు రోజు మాత్రం చెప్పలేదు. అప్పటికే అది ఇంట్లో ముచ్చటైపోయింది, అబద్ధాల గుండీ అని ముద్దుగా పిలుస్తాడు ఆయన, పళ్ళు తోమానంటే అబద్ధాల గుండీ, లెక్కలు చేశానంటే అబద్ధాల గుండీ, అదీ నవ్వేస్తుంది. కానీ నన్ను ఏమడిగినా ఇప్పుడు రెండుసార్లు అడుగుతుంది. అడిగి, నేనేమడిగానో చెప్పు అంటుంది. చెప్పేదాకా కదలదు. ఆ నియమం దానికెవరూ నేర్పలేదు. ఆ రోజు అది నిజమే చెప్పిందని తెలిసిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే, ఎందుకంటే దానికే ఇప్పుడు నమ్మకం లేదు, అడిగానో లేదో అనుకుంటోంది. నేను మర్చిపోతే ఆ అబద్ధం నిజమైపోతుంది. మర్చిపోతే హాయిగా ఉంటుందని కూడా అనుకున్నాను, అనుకోలేదని ఎలా చెప్పను, ఈ మంచం మీద పడుకుని. డాక్టరు పాతవి చెదిరిపోవచ్చు అన్నప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది అదే. అది పోతే బాగుండును అనిపించింది.

అందుకే రాశాను. నూట పన్నెండో కార్డు. ముందు వైపు, పెన్సిల్ రోజు గుండీ అడిగిందా? వెనక వైపు, అడిగింది, నేను సరే అన్నాను. రాసి, వెనక్కి తిప్పి, నాలుగు మీటలు చూసి, సులువు నొక్కాను. ఆ ప్రశ్నకి జవాబు నాకు నిజంగా సులువే కదా. నాలుగు రోజుల తర్వాత వచ్చింది, బస్సులో ఉన్నాను, చటుక్కున సులువు నొక్కి ఫోను ఒళ్ళో బోర్లించాను. పద్నాలుగు రోజులాగి మళ్ళీ వచ్చింది. మళ్ళీ సులువు. భయపడిన కార్డునే ఎక్కువ దూరం పంపించేశాను, ఆ యాప్‌కి నా మొహం కనపడదు, నేను నొక్కింది నమ్ముతుంది, సరే అంటే నమ్మే మనుషుల్లాగే. ఇక అది రెండు నెలల దాకా రాదు. రెండు నెలల తర్వాత ఏదో ఒక పొద్దున ఎవరో ఒకావిడ, తలకి కట్టు విప్పిన ఒకావిడ, ఈ ప్రశ్న చూసి, పెన్సిలేమిటి, గుండీ ఏమిటి అనుకుని, తిప్పి చదివి, ఏదో ఒక మీట నొక్కి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోతుంది. ఆవిడకి భయం కూడా వెయ్యదు. నాకు ఆవిడంటే భయంగా ఉంది.

ఎనిమిదీ ముప్పై ఒకటి. నీలం దాంట్లోనే ఉండిపోతే ఎవరికీ ఏమీ తెలీదు. మూడో దాంట్లోకి పంపితే కట్ట మొత్తం వెళ్తుంది. నూట పన్నెండోది తీసేసి మిగతావి పంపొచ్చు, తీసేయడం ఒక్క వేలి పని, ఈ కార్డు పూర్తిగా తొలగించమంటారా అని అడుగుతుంది, అడుగుతోంది, ఇప్పుడు నా ముందు అదే ఉంది తెరమీద, ఔను, కాదు. బొటనవేలు రెండింటి మధ్య ఆగింది. తీసేస్తే అంతా సుఖమే, ఇంట్లో వాళ్ళిద్దరూ నన్ను కూర్చోబెట్టి పాఠాలు చెబుతారు, దువ్వెన, నిచ్చెన, మాత్రల వేళలు, మా ఆయన ఓపిగ్గా, గుండీ టీచరులా గొంతు పెంచి. ఇంత భయం ఎందుకు, ఇప్పటికిప్పుడు తేల్చాలా. కడుపులోంచి లేస్తోంది. వేడిగా. ఈ గదిలో ఇంతకుముందు పడుకున్నాను, ఈ పరదా, ఈ ఊడిన కుట్టు, ఇదే, ఇలాగే. మాడిన దారం.

పరదా పక్కకి తీసి ఉంది. నర్సమ్మ నిలబడి ఉంది, అట్టకి కాగితాలు తగిలించుకుని, పెన్ను పట్టుకుని, కనుబొమలు పైకెత్తి నా మొహంలోకి చూస్తోంది. నా వేళ్ళు దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాయి. ఫోను పక్కన పడి ఉంది. నేను చిన్నగా నవ్వి సరే అంటున్నాను, అనేశాను, అది విన్నాక నాకు తెలిసింది నేనన్నానని. ఆవిడ తలూపి, కాగితం మీద టిక్కు పెట్టి, పరదా లాగేసి వెళ్ళిపోయింది. మెత్తటి చెప్పుల చప్పుడు దూరమైంది. గడియారం ఎనిమిదీ ముప్పై ఆరు. దేనికి? దేనికి సరే అన్నాను? సూది మందుకా, కుడి పక్కకా, ఎడమ పక్కకా, పొద్దున్నేమైనా తిన్నావా అంటే సరే అన్నానా, ఈ చివరి గంటలో కూడా, తల వాళ్ళ చేతిలో పెట్టబోతూ కూడా, నవ్వి సరే అన్నానా. మంచం పక్క వేలాడే గంట మీట దొరకలేదు, తీగ పట్టుకుని లాగాను, నొక్కాను, నొక్కుతూనే ఉన్నాను.

ఆవిడ పరుగున వచ్చింది. పదహారో ఏట నుంచీ అనని మాట ఇది. "సిస్టర్, ఇందాక మీరేమడిగారో నేను వినలేదు. నాకు వచ్చింది, అదే, ఫిట్. వినకుండానే సరే అన్నాను. మళ్ళీ చెప్పండి," అన్నాను. ఆవిడ కసరలేదు. మంచం మీద కూర్చుని నాడి పట్టుకుని చూసింది, ఎంతసేపు వచ్చింది, వాసన వచ్చిందా అని అడిగి రాసుకుంది, డాక్టరుకి చెబుతానంది. తర్వాత చెప్పింది. బయట మీవాళ్ళున్నారు కదమ్మా, లోపలికి రమ్మనమంటారా, ఇప్పుడు కలిస్తే భయం ఎక్కువవుతుందనుకుంటే కింద హాల్లో కూర్చోమని పంపించేయమంటారా అని అడిగానమ్మా, మీరు సరే అంటే పంపించేయమన్నారనుకున్నాను, మీ ఆయన లిఫ్టు దాకా వెళ్ళిపోయారు, పాప ఏడుస్తోంది, అంది. వెనక్కి పిలవండి అన్నాను. అరిచాననుకుంటాను. ఆవిడ లేచి వెళ్ళింది.

తెరమీద ఆ ప్రశ్న అలాగే ఉంది. ఈ కార్డు పూర్తిగా తొలగించమంటారా. కాదు నొక్కాను. కట్ట మొత్తం పంపే మీట నొక్కాను. ఎవరి ఫోనుకని అడిగింది, ఆయన నంబరుకి కోడ్ పంపాను. చుట్టూ ఒక గీత తిరిగి తిరిగి, నూట పన్నెండు కార్డులు వెళ్ళాయి అంది. తాబేలునీ నీలం గుర్తునీ రెండింటినీ తీసేశాను, మళ్ళీ బుద్ధి మారుతుందేమోనని. అయిపోయింది ఎంచుకోవడం. మూడు వారాలు మీనమేషాలు లెక్కపెట్టిన పని మూడు నిమిషాలు పట్టలేదు. ధైర్యం వచ్చిందనుకుంటారేమో, రాలేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, దవడ చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

వాళ్ళు వచ్చేసరికి నన్ను చక్రాల మంచం మీదకి మార్చారు, రెండు నిమిషాలే అన్నారు. మా ఆయన ఏం చెయ్యాలో తోచక మంచం చక్రం ఒకటి కాలితో కదిపి చూశాడు, ఈ లిఫ్టు మోటారు బాగానే ఉంది, చప్పుడు విన్నాను, భయం లేదు అన్నాడు. గుండీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఆయన ఫోను ఉంది. వచ్చేశాయమ్మా కార్డులు, నేనడుగుతా అంది. మొదటిది దాని ఫొటో. పేరు చెప్పాను, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నవ్వింది. చివర్లో ఏముందో అని వేలితో తోసుకుంటూ చివరికి పోయింది, ఏ పుస్తకమైనా అంతే అది, చివరి పేజీ ముందు చదువుతుంది. ఆగింది. పెదవులు కదిలాయి. పైకి చదవలేదు. నాకు కడుపులోంచి లేచింది, వాసన లేదు, ఉత్త భయం. చదువమ్మా అన్నాను.

"పెన్సిల్ రోజు గుండీ అడిగిందా?" అంది, గొంతు చిన్నది చేసుకుని.

"అడిగింది. నేను సరే అన్నాను," అన్నాను. ఆయన వైపు తిరిగి, వినపడేలా, ఇంకోసారి అన్నాను. వినకుండా సరే అన్నాను, తర్వాత మీతో అబద్ధం చెప్పాను, గుండీ అబద్ధం చెప్పలేదు. ఆయన మొహంలో ఏమొచ్చిందో చూడలేకపోయాను. ఆయన చెయ్యి మాత్రం కనిపించింది, పిల్ల తలమీద పెట్టబోయి, సగంలో ఆగి, భుజం మీద పడింది. గుండీ మాత్రం, పూర్తిగా చాచలేని ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కుడి వేలు తిప్పుతూ మీటలు చూస్తోంది. రేపు, వారం, నెల. చాలాసేపు చూసింది, వార్డులో ఆ సాయంత్రం నా మొహంలోకి చూసినంతసేపు. తర్వాత ఒకటి నొక్కింది. ఏది నొక్కిందో నాకు కనపడలేదు.

మంచం కదిలింది. పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి, చక్రాలు గడగడలాడుతున్నాయి, గుండీ కమ్మీ పట్టుకుని పక్కనే నడుస్తూ ఏదో అంది. వినపడలేదు. నా మొహంలోకి చూస్తోంది, కనుబొమలు పైకెత్తి, జవాబు కోసం. పెదవుల మీదకి నవ్వు వచ్చేసింది, దాని వెనకే ఆ మాట కూడా వచ్చి నాలుక చివర నిలబడింది. మింగేశాను.

"వినలేదమ్మా. మళ్ళీ చెప్పు," అన్నాను.

అది కమ్మీ వదల్లేదు, పరుగులాంటి నడకతో వస్తూ నా చెవి దగ్గరికి వంగింది. "రేపు మళ్ళీ అడుగుతానన్నా. నేనేమన్నానో చెప్పు," అంది.

"రేపు మళ్ళీ అడుగుతానన్నావు," అన్నాను.

తలుపులు రెండూ తెరుచుకున్నాయి. గుండీ సరే అంది, కమ్మీ వదిలేసింది.